మాటలకు పొంగే పిండి

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎండ బేకరీ గుమ్మం దాటి గచ్చు మీదికి పాకే వేళకి పెద్దమ్మ బల్ల తుడిచేది. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో. మైదా కుప్పగా పోసి, నడుమ గుంట చేసి, ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్లు పోసి కలిపేది. ముద్ద చేతికి అంటుకోకుండా వచ్చేదాకా అరచేతి మొదలుతో నెట్టి, మడిచి, మళ్లీ నెట్టేది. పెద్ద గిన్నెలో పెట్టి తడిబట్ట కప్పేది. ఈస్టు వేసేది కాదు. ఆ బేకరీలో ఈస్టు ఏనాడూ కొనలేదు. బట్ట కప్పాక చేతులు తుడుచుకుని, కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని, పేపరు తెరిచేది.

ఆ బేకరీలో పిండి మాటలకు పొంగుతుంది. ఊసుపోని కబుర్లకు కాదు, ఇరుగుపొరుగు పుల్లవిరుపులకు అసలే కాదు. పేపర్లో ఏ కొత్త యంత్రం సంగతో, సైన్సు సంగతో, గాలీ నీరూ పాడైపోతున్న సంగతో వస్తే, దాని మీద మనిషికి తోచిన అభిప్రాయానికి పొంగుతుంది. పెద్దమ్మ అత్తగారి కాలం నుంచీ అంతే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఓసారి పిండి దేనితో పులుస్తుందని అడిగాడు. "అభిప్రాయాలతోనండీ" అన్నారు బేకరీవాళ్లు. ఆయన తలూపి, గిన్నెల మీద మూతలు సరిగ్గా పెడుతున్నారా లేదా అని చూసుకుని వెళ్లిపోయాడు.

కొనేవాళ్లకీ ఆ రుచుల తేడా తెలుసు. ఆకాశం సంగతులు మాట్లాడుకున్న రోజు రొట్టె గుల్లగా, తేలిగ్గా వచ్చేది. సముద్రంలో ప్లాస్టిక్కు గురించి మాట్లాడుకున్న రోజు కాస్త వగరుగా, పాలల్లో నానబెట్టుకుంటే తప్ప దిగేది కాదు. ఫోన్ల గురించి మాట్లాడుకున్న రోజు పైన కరకరలాడేది గానీ తొందరగా ఎండిపోయేది.

మాట్లాడేందుకు ముగ్గురు వచ్చేవాళ్లు. రిటైరైన సైన్సు మాస్టారు. మధ్యాహ్నం డ్యూటీకి ముందు కాసేపు నడుం వాల్చేందుకు వచ్చే కరెంటు లైన్‌మన్. ఎదురు కొట్టు టైలరమ్మ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక జాకెట్టుకి హెమ్మింగ్ చేస్తూ. ఎవరేం చెప్పినా "కాదు" అనే మొదలుపెడుతుంది కనక ఆవిడకి వీధి పెట్టిన పేరు కాదమ్మ. ఆ పేరు ఆవిడకీ తెలుసు. అది తన పేరు కాదనేది.

"చందమామ మీద నీళ్లున్నాయట," అని పెద్దమ్మ పేపరు మడిచేది. "ఉంటే ఉన్నాయి గానీ, మనవాళ్లు అక్కడికి పోతే ముందు చేసేది బిందెలు వరసలో పెట్టి కొట్టుకోవడమే."

బట్ట కింద పిండి మెల్లగా ఊపిరి పీల్చుకునేది.

"బిందెలెందుకు పెద్దమ్మా, పైపు వేస్తారు," అనేవాడు లైన్‌మన్. "వేసిన మర్నాడే కేబులు వాళ్లొచ్చి దాన్ని తవ్వుతారు."

"కాదు. అసలు నీళ్లే లేవు. అన్ని డబ్బులు తగలేసి వెళ్లాక ఏమీ లేదని చెబితే ఊరుకుంటారా?" అనేది కాదమ్మ.

"నిజానికి ఆ నీరు మంచు రూపంలో, ధ్రువాల దగ్గర, ఎండ పడని గుంటల్లో..." అని మాస్టారు అందుకునేవారు. అంతే, పిండి చప్పున అణిగిపోయేది. లోపల్నుంచి పెద్దమ్మ కోడలు కేకేసేది. "మాస్టారూ, పాఠం వద్దండీ. మీకేమనిపిస్తోందో చెప్పండి చాలు."

ఆయన గొంతు సవరించుకుని, "నాకైతే ఆ నీళ్లు అక్కడే ఉంటే మంచిదనిపిస్తుందమ్మా. మన చెయ్యి పడితే అవీ పాడవుతాయి," అనేవారు. పిండి మళ్లీ బట్టని పైకెత్తేది.

మొదటి మాట మాత్రం ఎప్పుడూ పెద్దమ్మదే. పాలకి తోడు వేసినట్టు. అది పడందే మిగతావాళ్లు ఎంత మాట్లాడినా పిండికి అంటదు. పెద్దమ్మ బడి మొహం ఎరగదు. పెళ్లయి వచ్చిన కొత్తలో రొట్టెలు చుట్టే పాత పేపర్ల మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తనంతట తనే చదువు నేర్చుకుంది. ఎవరో పెట్టింది కాదు కనక ఎవరూ తీసుకుపోలేరని అనుకునేది.

ఒక మధ్యాహ్నం కరెంటు కార్ల గురించి చదివింది. చదివి, పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు. బావిలోకి బొక్కెన వదిలితే తాడొక్కటే పైకి వచ్చినట్టయింది. అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"ఈ సెల్‌ఫోన్లొచ్చి మనుషుల మెడలు వంగిపోయాయి," అంది చివరికి.

అది ఎప్పుడో అన్న మాట. లైన్‌మన్ కాదమ్మ వైపు చూశాడు. కాదమ్మ సూది వైపు చూసుకుంది. మర్యాదకి తలా ఓ మాట అన్నారు. పిండి కదల్లేదు. ఆ సాయంత్రం బట్టీలోంచి రొట్టెలు ఇటుకల్లా వచ్చాయి. బట్టీ చూసే కొడుకు అసలే మాట తక్కువ మనిషి. ఒకదాన్ని బల్లకేసి కొట్టి చూసి, "మైదాలో ఏదో తేడా," అన్నాడు.

మైదా మార్చారు. రెండు రోజులు బాగానే ఉంది. మళ్లీ ఇటుకలు.

పెద్దమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. పొద్దున్నే పేపరు చదివేసి, ఏం చెప్పాలో అనుకుని, స్నానాల గదిలో వల్లె వేసేది. "అడవులు కొట్టేసి గోడలకి చెట్ల బొమ్మలు అంటించుకుంటున్నారు. అడవులు కొట్టేసి గోడలకి..." నీళ్లు పోసుకుంటూ, తల తుడుచుకుంటూ, అదే మాట. తువ్వాలు అందించడానికి వచ్చిన కోడలు తలుపవతల నిలబడి విని, తువ్వాలు గొళ్లేనికి తగిలించి వెళ్లిపోయింది. మధ్యాహ్నం పెద్దమ్మ ఆ మాట పొల్లు పోకుండా చెప్పింది. ముగ్గురూ బాగుందన్నారు. వల్లె వేసిన మాట పిండికి పట్టలేదు.

కోడలు చెడ్డది కాదు. చేతనైనంత చేసింది. గిన్నె పక్కన టీవీ పెట్టి చర్చా కార్యక్రమం వేసింది. నలుగురు పెద్దమనుషులు కృత్రిమ మేధ గురించి ఒకేసారి అరుస్తుంటే పిండి గిన్నె దాటి, బల్ల దాటి, అలమర దాకా పొంగింది. కాల్చి కోస్తే లోపల ఏమీ లేదు. ఉత్త పెంకు. తర్వాత అత్తగారి పాత మాటలు ఫోన్లో రికార్డు చేసి ఉంటే వెతికి వినిపించింది. తన గొంతు తనకే వినబడుతుంటే పెద్దమ్మ నవ్వి, "ఎవరే ఈవిడ, భలే మాట్లాడుతోంది," అంది. కోడలికి నవ్వు రాలేదు. పిండీ కదల్లేదు.

ఇంతలో ఆసుపత్రి క్యాంటీన్ వాళ్లు కబురు పంపారు. రోగులకిచ్చే రొట్టె, మెత్తగా ఉండాలి, మరోసారి ఇలా వస్తే వేరేచోట చూసుకుంటాం అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ ట్రేలు తోముతుండగా కోడలు మాట కదిపింది.

"అత్తయ్యా, ఒక మాట."

"రెండు చెప్పు. ఒకటి మర్చిపోయినా ఒకటి మిగులుతుంది."

కోడలు ట్రే మీద అంటిన మాడు గీరుతూ చెప్పింది. "పిండి కలిపే మిషను చూశాం. ఈస్టు ప్యాకెట్లు దొరుకుతాయి. మిషను వాళ్లు రేపు ఫోను చేసి, కొలతలు తీసుకోడానికి వస్తారు. ఈ బల్ల తీసేసి అక్కడ పెట్టాలి. మీరు ఇన్నాళ్లూ చేసింది చాలు. ముందు గదిలో కుర్చీ వేస్తాను, హాయిగా కూర్చోండి."

"కూర్చుని ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యక్కర్లేదు."

పెద్దమ్మ ట్రే మీద నీళ్లు పోసింది. అదే తన భయమని ఎలా చెప్పాలో తెలియలేదు. బల్ల లేకపోతే ఆ ముగ్గురూ రారు. రాకపోతే వార్తలు జారిపోయినట్టే వాళ్ల మొహాలూ జారిపోతాయి. ఆ తర్వాత ఎవరి వంతో. పక్కన కూర్చుని తోముతున్న ఈ పిల్ల మొహం కూడానేమో. చేతికి పిండి అంటినంతసేపూ తాను ఎవరో, ఎక్కడుందో తెలుస్తోంది. అది కడిగేస్తే?

"రేపొక్కరోజు నన్ను కలపనీ," అంది.

"కలపండి. కానీ రేపటిది ఆసుపత్రికి వెళ్లాల్సిందే అత్తయ్యా. గుర్తు..." అని కోడలు నాలిక్కరుచుకుంది.

మర్నాడు పెద్దమ్మ పొద్దున్న పేపరు ముట్టుకోలేదు. మధ్యాహ్నం పిండి కలిపి, బట్ట కప్పి, అప్పుడు తెరిచి గట్టిగా చదివింది. మడిచేలోపే అంతా పోయింది. ముగ్గురూ ఎదురు చూస్తున్నారు. కోడలు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఇప్పుడు నేనేం చదివాను?" అంది పెద్దమ్మ.

లైన్‌మన్ నవ్వబోయి ఆగాడు. ఆవిడ వేళాకోళమాడటం లేదు.

"ఎండల గురించి పెద్దమ్మా. ఏటికేడాదీ ముదురుతున్నాయట."

"ఎందుకట?"

"మనం ఎన్నిసార్లు అనుకోలేదు? చెట్లు కొట్టేశారు, ఇంటింటికీ ఏసీలు పెట్టారు."

"అనుకున్నామేమో, నాకు లేదు. కొన్నాళ్లుగా ఏదీ ఉండటం లేదు. మీ దగ్గర దాచాను." పెద్దమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కొత్తగా చెప్పు. ఏసీలు ఎవరు పెట్టారు?"

"జనం."

"జనమంటే ఎవరు నాయనా?"

లైన్‌మన్ తల గోక్కున్నాడు. "అంటే... కనెక్షన్లు ఇచ్చేది నేనేలే. స్తంభం ఎక్కితే ఇళ్ల వెనకవైపు కనిపిస్తుంది పెద్దమ్మా. ప్రతి గోడా వేడిగాలి కక్కుతుంటుంది. పైన నాకు మొహం కాలిపోతుంది. లోపలున్నవాళ్లకి తెలీదు."

"మీ ఇంట్లో ఉందా?"

"ఉంది. ఉక్కపోస్తే పాప పడుకోదు."

"మరి నీకేమనిపిస్తోంది?"

"తీసెయ్యలేను. పెట్టుకున్నందుకు మనసొప్పదు. ఇదిగో, ఇలా ఎప్పుడూ అనుకోలేదు నేను."

"కాదు," అని మొదలుపెట్టింది కాదమ్మ.

"నువ్వుండవే, నిన్నూ అడుగుతున్నాగా. నువ్వు చెప్పు ముందు."

కాదమ్మ సూది ఆపింది. "నేనెప్పుడూ ఒకళ్లన్నదానికి కాదనడమే గానీ, నన్ను ముందు అడిగిందెవరక్కా?" కాసేపు చేతిలో గుడ్డ నిమిరింది. "ఒకప్పుడు ఎండలొస్తే అందరూ నూలు బట్టే తెచ్చేవాళ్లు. ఇప్పుడు నడివేసవిలో నైలానుకి లైనింగు వెయ్యమంటారు. ఎక్కడికెళ్లినా చల్లగానే ఉంటుందిగా అంటారు. చల్లగా లేనిచోట పనిచేసేవాళ్లు నా దగ్గర కుట్టించుకోరు. అందుకే నాకు ఎండ పెరిగినట్టు తెలీదేమో. ఏమో."

కాదమ్మ నోట 'ఏమో' అన్న మాట ఆ వీధి ఏనాడూ వినలేదు. మాస్టారు ఆవిడ వైపు తిరిగి చూశారు.

"మీరు చెప్పండి మాస్టారూ, ఈ ఎండ ఎందుకు?"

"గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అది వేడిని బయటికి పోనివ్వకుండా..."

"మాస్టారూ," అంది గుమ్మంలోంచి కోడలు.

"చెప్పనీవే," అంది పెద్దమ్మ. "నేను మొదటిసారి వింటున్నా." మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా ఆఖరిదాకా వింది. "ఇదంతా నిజమేనా?"

"నిజమేనండీ."

"నిజమైతే మీకు భయం వెయ్యదా?"

మాస్టారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. "ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఏ పిల్లాడూ ఈ మాట అడగలేదు. నన్ను నేనూ అడగలేదు." రుమాలు మడతపెట్టారు. "వేస్తుందండీ. చెప్పేటప్పుడు వెయ్యదు. చెప్పడం అయ్యాక వేస్తుంది."

"అయితే రోజూ చెబుతూనే ఉండండి," అంది పెద్దమ్మ. ముగ్గురూ నవ్వారు. మాస్టారు అందరికన్నా ఆలస్యంగా నవ్వి, అందరికన్నా ఆలస్యంగా ఆపారు.

అప్పుడు కోడలి చేతిలో ఫోను మోగింది. మిషను వాళ్లు. కోడలు ఎత్తబోతూ గిన్నె వైపు చూసింది. తడిబట్ట ఎప్పుడో పక్కకి జారిపోయింది. పిండి అంచులు దాటి, నునుపుగా, నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ కూర్చుంది. ఫోను మోగి మోగి ఆగింది. కోడలు దాన్ని నడుం దగ్గర దోపుకుని, ట్రేలకి నూనె రాయడానికి వెళ్లింది.

ఆ సాయంత్రం కొడుకు బట్టీలోంచి మొదటి రొట్టె తీసి, వేళ్లు కాలుతున్నా విరిచి, సగం తల్లి చేతిలో పెట్టాడు. మైదా గురించి ఏమీ అనలేదు. మిగతావి ఆసుపత్రికి వెళ్లాయి.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ బేకరీలోకి వచ్చి, బల్లకి అల్లంత దూరంలో, పరాయి ఇంటికి వచ్చినట్టు నిలబడింది. కోడలు మైదా జల్లిస్తోంది. పేపరు ఆమె చంకలో ఉంది.

"ఇంకా బల్ల తియ్యలేదేమే? మిషను వస్తుందన్నావు," అంది పెద్దమ్మ.

"ఏ మిషను?"

"పిండి కలిపేది. ముందు గదిలో నాకు కుర్చీ వేస్తానన్నావుగా. నిన్నటితో ఆఖరనుకున్నాంగా."

కోడలు జల్లెడ అంచు మీద అరచేత్తో తట్టింది. మైదా సన్నగా రాలింది. తలెత్తకుండా అంది.

"అన్నీ మర్చిపోతారు గానీ ఇది మాత్రం పట్టుకుని కూర్చున్నారు. దీన్నీ మర్చిపోండి అత్తయ్యా. రండి, నీళ్లు చల్లారిపోతున్నాయి."

పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి, చెంబులో వేలు ముంచి చూసింది. వెచ్చగానే ఉన్నాయి.