ఎర్ర బంతులు దాటేదాకా

కోరిన్‌కి ఈ ఆట తలా తోకా ఇప్పటికీ అర్థం కాలేదు. కాలేజీలో చేరిన మొదటి వారం, ఒక డేరా కింద పుల్ల ఐసులు ఊరికే పంచుతుంటే వెళ్ళి వరసలో నిలబడింది. ఐసు చప్పరించడం పూర్తయ్యేసరికి వాటర్ స్కీయింగ్ జట్టులో సభ్యురాలైపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, అమెరికాలోని ఇల్లినాయి మొక్కజొన్న చేల మధ్య తవ్విన ఈ పొడుగాటి చెరువు ఒడ్డున, ప్రాంతీయ పోటీల్లో వణుక్కుంటూ నిలబడి ఉంది.

పొద్దున స్లాలం ఆడారు. పడవ తాడుతో లాక్కుపోతుంటే ఆ పక్కకీ ఈ పక్కకీ వాలుతూ నీళ్ళ మీది ఆరు బంతుల్నీ చుట్టి రావాలి. కోరిన్ రెండో బంతి దగ్గరే మునిగింది. సిగ్గుతో చచ్చిపోతూ ఒడ్డుకొస్తే, జట్టంతా మీద పడి కౌగిలించుకుంది. ఆరూ చుట్టి, ఇంకా కష్టం కావాలని తాడు కురచ చేశాక మళ్ళీ ఆరూ చుట్టిన పక్క కాలేజీ పిల్లేమో డేరా వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పడ్డవాళ్ళకి చప్పట్లు, గెలిచినవాళ్ళకి ఏడుపు! ఇదెక్కడి ఆటో దేవుడికే తెలియాలి.

మధ్యాహ్నం కోరిన్ సాసేజ్ కొరుకుతుండగా కెప్టెన్ మారిట్ పరుగెత్తుకొచ్చింది. నీళ్ళంటే భయపడ్డ కోరిన్‌ని నడుం పట్టుకుని మరీ స్కీ పలకల మీద నిలబెట్టిన పిల్ల మారిట్.

"లేవవే! జంప్‌కి నువ్వు వెళ్ళాలి."

"నేనా? నేను లెక్కలోకే రానన్నారుగా!"

"అయిదుగురు దూకితే పై నలుగురి మార్కులే కలుపుతారు, అందుకని అన్నాం. ఇప్పుడు పేజ్ మూడుసార్లూ పడింది. మేం ముగ్గురమే మిగిలాం. నాలుగోది నీదే."

"ఎంత దూరం దూకాలి?"

"దూరంతో పన్లేదు తల్లీ. ఎంత చిన్నదైనా ఒక్క దూకుడు లెక్కకొస్తే జాతీయ పోటీలకి వెళ్తాం. సున్నా పడితే ఇంటికే." మారిట్ గొంతు తగ్గింది. "నాకిది కాలేజీలో ఆఖరి ఏడాది."

కోరిన్ గొంతులో సాసేజ్ అడ్డం పడింది. ఈ మనిషి కోసం ఏమైనా చేస్తుంది, ఏం చెయ్యాలో తెలిస్తే.

హెల్మెట్ పెట్టేలోపు తలా ఒక మాట చెప్పారు. మోకాళ్ళు వంచమని ఒకరు, మరీ వంచొద్దని ఒకరు. ఎక్కి దూకాల్సిన దిమ్మనే చూడమని పేజ్, చచ్చినా చూడొద్దని జట్టులోని టక్కర్. ఎర్ర బంతులంటూ మారిట్ కూడా ఏదో చెప్పింది. పది మాటల్లో అదొకటి అయిపోయింది. కోరిన్ అన్నిటికీ బుర్ర ఊపింది.

పడవ కదిలింది. నీళ్ళలోంచి లేచిన ఏటవాలు దిమ్మ, కొట్టం కప్పు ఊడిపడ్డట్టు ఎదురొచ్చింది. కోరిన్ చటుక్కున పక్కకి తప్పుకుంది. పడవలోని ముసలి జడ్జి వేలు చూపించాడు.

"ఒకటి అయిపోయింది."

"అసలు ఎక్కనే లేదు కదండీ!"

"ఎక్కకపోయినా ఒకటే అమ్మాయ్. మూడే అవకాశాలు."

రెండోసారి కళ్ళు మూసుకుని ఎక్కేసింది. కాళ్ళ కింద ఏమీ లేదు. మరుక్షణం నీళ్ళు ఫెడీమని తగిలాయి. కళ్ళు తెరిస్తే, నిలబడే ఉంది! ఆనందం పట్టలేక రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. చేతిలోని తాడు పిడి ఎగిరిపోయింది. ఒడ్డు మీది గోల టక్కున ఆగింది. కోరిన్ మెల్లగా మునిగింది.

"దూకాను కదండీ?"

"దూకావు. కానీ ఆ ఎర్ర బంతులు దాటేదాకా పిడి పట్టుకుని నిలబడితేనే దూకినట్టు," అన్నాడు జడ్జి, జాలిగా.

ఒడ్డున మారిట్ తల పట్టుకుని కూర్చుండిపోయింది. అది చూసి కోరిన్ పిడిని మళ్ళీ అందుకుంది. ఇక ఎవరేం చెప్పినా వినదల్చుకోలేదు. పిడి వదలకూడదు, అంతే.

మూడోసారి వంకరగా ఎక్కి, వంకరగా దిగి, పిర్రలు నీళ్ళకి తగిలి, ఎలాగో లేచింది. ఎర్ర బంతులు దాటింది. ఒడ్డంతా అరుస్తోంది. ఇప్పుడేం తప్పు చేశానని అరుస్తున్నారో? పిడి ఇంకా గట్టిగా పట్టుకుంది. చెరువు చివర పడవ తిరిగింది, ఆమె కూడా తిరిగింది.

"వదులు!" అరిచాడు జడ్జి.

"వదిలితే పోతుందన్నారుగా!"

పడవ ఆపేశారు. కోరిన్ మునిగింది, పిడితో సహా. మారిట్ బట్టలతోనే దూకి, ఈదుకుంటూ వచ్చి, ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీయబోయింది. వేళ్ళు రాలేదు.

"వదలవే మొద్దూ, అయిపోయింది!"

కోరిన్ నమ్మలేదు. మారిట్ ముఖంలోకి చూసింది. పిచ్చిది, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఏడుస్తోందా! పొద్దుటినుంచి ఈ ఒడ్డున కోరిన్‌కి అర్థమైంది ఆ ఒక్కటే, గెలిచినవాళ్ళకి ఏడుపు. నెమ్మదిగా పిడి వదిలేసింది.