అటక మీద ఎవరివో కుండలు

నవంబరు మొదటి వారానికి ఫ్లోరెన్స్ అటక నింపడం పూర్తిచేసింది. పెదబయలు పైన కొండవాలులో ఉన్న ఆ ఊరికి వాన గట్టిగా కొడితే రోడ్డు ఉండదు, చలి ముదిరితే సంతకు దిగే ఓపిక ఉండదు. అందుకని పంట ఇంటికి చేరగానే మూడు నెలల తిండి పైకి ఎక్కించేస్తుంది. ఆ ఏడు రెండు బానల సామలు, ఒక బాన చోళ్లు, ఒక కుండ ఉలవలు, పొయ్యి పొగ తగిలేలా వేలాడదీసిన ఎండుచేపల తట్ట, చింతపండు ముద్దలు, గుమ్మడికాయలు. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

పదిహేను రోజుల తర్వాత ఉలవల కోసం నిచ్చెన ఎక్కి కుండలో చెయ్యి పెడితే, చేతికి కందులు తగిలాయి.

గుప్పెడు తీసి వెలుగులోకి తెచ్చి చూసింది. కందులే. ఆ ఏడు వాళ్లు కంది వెయ్యనేలేదు.

"ఏటయ్యా, కందులేటన్నా తెచ్చేవేటి?" అని భర్తను అడిగింది.

ఐజాక్ వాకిట్లో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. తలెత్తలేదు. "నానేటి తెత్తాను? సంతకెల్లి నెల్లాళ్లయింది."

పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్న అత్త సవరమ్మ, "కందులు మంచివే కదే, వండు" అంది. ఆమెను అనుమానించడానికి లేదు. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా ఆవిడ నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టలేదు.

ఫ్లోరెన్స్ కందులే వండింది. తింటున్నంతసేపూ ఉలవలు ఏమయ్యాయోనని ఆలోచిస్తూనే ఉంది. అక్టోబరులో మలేరియా వచ్చి పది రోజులు మంచం మీద ఉంది. ఆ జ్వరంలో తల ఏమైనా పాడైందా? ఉలవలు అమ్మేసి మరిచిపోయిందా?

తర్వాతి వారం సామల బాన సగానికి దిగింది. దాని పక్కన ఒక గోనెసంచిలో దంపుడు బియ్యం ఉంది. ఎండుచేపల తట్ట తేలికైంది. ఎలుకలు తినిపోతాయి గాని బియ్యం తెచ్చి పెట్టవు కదా. దొంగ అయితే తీసుకుపోవాలి గాని ఇచ్చి పోవడమేమిటి?

పక్కింటి నిర్మలకు చెబితే ఆమె మొహం మారిపోయింది. "ఎవుల్దో తెలీని తిండి తినకొదినా. ఎవురు ఏటి కలిపి పెట్టేరో."

"అలాటివి నేను నమ్మను" అంది ఫ్లోరెన్స్. నమ్మదు నిజమే. అయినా ఆ బియ్యం సంచి మూతి విప్పలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక అటక తలుపుకు తాళం కొనిపించి వేసింది. తాళంచెవి బైబిలులో పెట్టి, బైబిలు గూట్లో పెట్టింది.

నాలుగు రోజులకు తాళం తీసి చూస్తే చింతపండు ముద్దల పక్కన ఒక గాజు సీసా ఉంది. నిండా దబ్బకాయ ఊరగాయ. మూత మీద పాత చీరముక్క కట్టి ఉంది. మూత తియ్యగానే ఇంగువ వాసన గుప్పుమంది. వాళ్లింట్లో ఏనాడూ ఇంగువ వాడలేదు.

ఆ చీరముక్క వంక చూస్తూ అటక మీదే కూర్చుండిపోయింది. పసుపు మీద ఆకుపచ్చ పూలు. ఆ చీర ఎవరిదో ఆమెకు తెలుసు. తోటికోడలు బిందుమాధవిది.

మరిది రాబిన్ ఇల్లు గెడ్డకు అవతల, ఆ వాగు దాటాక కాఫీ తోట కింద ఉంది. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఐజాక్ ఎర్రబడ్డ మొహంతో ఇంటికొచ్చి, "నేటి నుంచి ఆ ఇంటికీ మనకీ మాటల్లేవు" అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. మాటలు మానేసింది. బిందుమాధవి నీళ్లకు వస్తే తను పక్కకు తిరిగి నిలబడేది. సాలూరు నుంచి వచ్చిన పిల్ల, ఊళ్లో ఎవరూ లేనిది. మొదట్లో జాలివేసేది. తర్వాత అలవాటైపోయింది.

ఫ్లోరెన్స్ సీసా కొంగు కింద పెట్టుకుని గెడ్డ దాటింది. బిందుమాధవి వాకిట్లో చిక్కుడు గింజలు ఎండబెడుతోంది. తోటికోడల్ని చూసి లేచి నిలబడింది. ఫ్లోరెన్స్ సీసా అరుగు మీద పెట్టింది.

"ఇది మాయింటికెందుకు పంపేవు?"

బిందుమాధవి సీసాను చూసింది, ఆమెను చూసింది. లోపలికి పోయి ఒక కుండ పట్టుకొచ్చింది. నిండా ఉలవలు. మళ్లీ పోయి ఆకులో చుట్టిన ఎండుచేపలు తెచ్చింది.

"నేను పంపలేదక్కా. ఇవి నువ్వెందుకు పంపేవు? మా యమ్మ ఊరగాయ పోయిందని నేను ఇల్లంతా వెతికేను. మాయింట్లో సేపలు తినేవోలు కూడా లేరు, ఆయన తప్ప."

"నేనూ పంపలేదు."

"మరెవరు?"

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. బిందుమాధవి ఇంట్లో రెండేళ్లుగా ఇలాగే జరుగుతోందట. తనకే మతి పోతోందనుకుని ఎవరికీ చెప్పలేదట. పుట్టింటికి వెళ్లినప్పుడు ఒక స్వామి దగ్గర తాయెత్తు కూడా కట్టించుకుందట. జాకెట్టు చేతి కిందనుంచి చూపించింది. ఫ్లోరెన్స్‌కు నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

సాయంత్రం కాఫీ పళ్ల బస్తా భుజాన వేసుకుని ఐజాక్ దిగేసరికి, తన ఇంటి గుమ్మంలో తమ్ముడి భార్య నిలబడి ఉంది. అతను బస్తా దించలేదు, ముందుకూ రాలేదు.

"సెప్పు" అంది ఫ్లోరెన్స్. "తాళం తీసిందెవురు?"

ఐజాక్ తల్లి వైపు చూశాడు. సవరమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "నాకేసి సూత్తావేటి? ఎక్కింది నువ్వే కదా."

మెల్లగా అంతా బయటికొచ్చింది. మాటలు మానేసిన మొదటి చలికాలం సవరమ్మే కొంగులో మూటకట్టి అటూ ఇటూ మోసింది. పెద్దోడిది మెట్ట, సామలూ ఉలవలూ పండుతాయి. చిన్నోడిది గెడ్డ పక్క పల్లం, అక్కడ వరి, గట్టు మీద కంది. రోడ్డు తెగిన రోజున ఒకింట్లో ఒకటి, ఇంకో ఇంట్లో ఇంకోటి ఉంటే ఎలా అని ఆవిడ బెంగ. మోకాళ్లు పట్టేశాక కొడుకులిద్దరికీ విడివిడిగా పురమాయించింది. ఐజాక్ సంచి తెచ్చి కాఫీ తోట సరిహద్దు రాయి మీద పెట్టేవాడు. రాబిన్ తీసుకుని తన సంచి అక్కడ పెట్టేవాడు. కొంచెం కొంచెమే మారేది, ఇంట్లోనూ కంది ఉండేది గనక ఇన్నాళ్లూ ఫ్లోరెన్స్‌కు తెలియలేదు. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి వచ్చారు.

"అయితే మీరు మాటాడుకుంటన్నారా?"

"ఆ."

"ఎన్నాల్లనుంచి?"

"నిరుడు కాఫీ ఏరినప్పట్నుంచి."

ఫ్లోరెన్స్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "మూడేళ్లయి నేను ఈ గుంట మొకం సూడకుండా తిరిగేను. నీ కోసమని."

ఐజాక్ అప్పుడు బస్తా దించాడు. "అది కోపంలో అన్నాను. ఏటికన్నానో ఇప్పుడు నాకే సరిగ్గా గురుతులేదు. మళ్లీ మాటాడమని సెప్దామనుకుంటే, నువ్వు ఆ పిల్లని సూసి మొకం తిప్పేసుకుంటన్నావు. నీకే ఇష్టం లేదనుకున్నాను."

"మా ఆయనా ఇదే అంటాడు కాబోలు" అంది బిందుమాధవి, ఎవరితోనో తెలియకుండా. చీకటి పడకముందే గెడ్డ దాటాలని వెళ్లిపోయింది. కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో ఆమె నడకలో తెలియలేదు. తనకు ఏది వచ్చిందో ఫ్లోరెన్స్‌కూ తెలియలేదు. అన్నం వడ్డించింది గాని భర్తతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఇంకెంత దూరం పోతుందోనని భయమేసి, పడుకునే ముందు "దుప్పటి సాలుతుందా" అని మాత్రం అడిగింది.

డిసెంబరు రెండో వారంలో తుపాను వాన పట్టుకుంది. రెండో రోజు కొండ జారి రోడ్డు తెగింది. కరెంటు పోయింది, ఆ వెనకే ఫోన్లూ పోయాయి. మూడో రోజు పొద్దున్న ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, గెడ్డ మీది దుంగల వంతెన దాటి వచ్చి బిందుమాధవి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మాయింట్లో ఉప్పు లేదు. రెండు పొట్లాలు కొన్నాను. ఆయనేమో ఇక్కడికి పంపేనంటాడు, పంపలేదంటాడు."

"మాయింట్లోనూ నిన్నటితో అయిపోనాది. పైనేటన్నా ఉందేమో నాకూ తెలీదు" అంది ఫ్లోరెన్స్. నిచ్చెన వైపు తిరిగింది. "పద, సూద్దాం."

ఇద్దరూ నిచ్చెన ఎక్కారు. రేకుల మీద వాన మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకోవాల్సి వచ్చింది. ఇది నీదా అంటే కాదంది, మరి నీదా అంటే ఏమో అంది. కుండ తర్వాత కుండ మూతలు తీస్తూ పోయారు. ఎవరి చింతపండో, ఎవరి మిరపకాయలో తేలలేదు. చివరకు చోళ్ల బాన వెనక ఉప్పు దొరికింది. రెండు కాదు, మూడు పొట్లాలు. మూడోది ఎవరు కొన్నారో ఇద్దరూ చెప్పలేకపోయారు.

వాన తగ్గకపోవడంతో బిందుమాధవి అక్కడే ఉండిపోయింది. కాసేపటికి రాబిన్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు గాని, లోపలికి రావచ్చో లేదో తెలియక వదినవైపు చూశాడు. రమ్మని ఎలా అనాలో ఫ్లోరెన్స్‌కు తోచలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట తను అనాలా, ఐజాక్ అనాలా? ఐజాక్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు.

"తడుత్తన్నావు" అంది చివరకు, సామల అన్నం గిన్నె పొయ్యి మీంచి దించుతూ.