బావగారు బాగుచేసిన కంప్యూటర్

మా బావగారిని చుట్టాలంతా ప్రొఫెసర్ అంటారు. ఆయన పాఠం చెప్పిన కాలేజీ అంటూ ఏదీ లేదు. ఒక పెద్ద బీమా ఆఫీసులో స్టోర్ విభాగం చూస్తారు. అంటే కుర్చీలూ బల్లలూ పాత సామానూ ఏ గదిలో ఉన్నాయో తెలిసి ఉండడం ఆయన ఉద్యోగం. మిగతావన్నీ తెలుసనుకోవడం ఆయన వ్యసనం. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని పలకరించడానికి వెళ్ళి, డాక్టరు రాసిన మందుల్లో తప్పులు వెతికి, రోగికి ఉన్న కాస్త ధైర్యాన్నీ ఊడ్చేసి వస్తారు. ఆయన నోరు తెరిచినంతసేపూ మా అక్క తన వేళ్ళు తనే చూసుకుంటూ కూర్చుంటుంది.

నాది మిషన్ ఎంబ్రాయిడరీ పని. ఇంటి ముందు గదే షాపు. బొమ్మను ముందు కంప్యూటర్‌లో గీసుకుంటాను. ఏ రంగు దారం ఎక్కడ మొదలై ఎటు తిరగాలో ఒక్కో కుట్టూ తేల్చుకుని, ఆ ఫైలును మిషన్‌కి ఎక్కిస్తాను. అప్పుడది గుడ్డ మీద కుడుతుంది. స్కూలు బ్యాడ్జీలు, హోటలు తువ్వాళ్ళు, ఆటగాళ్ళ జాకెట్లు, ఏవి వస్తే అవి. ఆ ఫైళ్ళే నా ఆస్తి.

వాటిని మోసే కంప్యూటర్ మాత్రం ప్రొఫెసర్ గారి కానుక. షాపు తెరిచిన రోజున దుప్పట్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. అట్టపెట్టె దారిలో చినిగిపోయిందన్నారు. ఇచ్చింది ఒకసారే గానీ చెప్పింది మాత్రం లెక్కలేనన్నిసార్లు. నలుగురు కలిసిన ప్రతిచోటా "మా మరదలికి సరికొత్త కంప్యూటర్ కొనిచ్చాను" అని మొదలుపెడతారు. పక్కన నేనుంటే తల ఊపాలి. ఊపాను కూడా. ఆ ఏడాదే అక్క స్నేహితురాళ్ళతో సముద్రం చూసొస్తానంటే, "మీ చెల్లెలికి అంత ఖరీదైంది కొన్నాక ఇంకా షికార్లు కూడానా?" అని ఆపేశారు. పాపం, అక్క సర్దుకున్న సంచీ మళ్ళీ విప్పేసింది.

మొన్నామధ్య ఆ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. గీత సగంలో ఉండగా బిగుసుకుపోయేది. రిపేరు షాపులో చూపించుకుంటానని ఫోనులో అక్కతో అన్నాను. అంతే, ఆ ఆదివారం పొద్దున్నే ప్రొఫెసర్ గుమ్మంలో ప్రత్యక్షం. వెనకాల అక్క.

"నేనుండగా రిపేరు షాపేమిటి అమ్మాయ్! పరువు తక్కువ" అంటూ నా కుర్చీలో కూర్చుని, దాని ఎత్తు మార్చేశారు. "దీన్లో ఒక రహస్యం ఉంది. డిస్కులో ఓ మూల దాచిపెట్టిన భాగం ఉంటుంది. నీలాంటివాళ్ళ కంటికి ఆనదు. కంపెనీవాళ్ళు అసలు సరుకంతా అందులో ఓ కాపీ దాస్తారు. ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే ఆ తలుపు తెరుచుకుంటుంది. కంప్యూటర్ మళ్ళీ పుట్టినట్టే!"

"మరి నా డిజైన్లు బావగారూ?"

"అవి ఎక్కడున్నాయి? డీ డ్రైవ్‌లోనేగా. డీ జోలికి ఎవడు పోతాడు?"

"ఎందుకైనా మంచిది, ముందు కాపీ తీసుకుంటాను."

"ఇదిగో, ఆడవాళ్ళతో ఇదే గొడవ. ప్రతిదానికీ భయం!" అని అక్క వైపు చూసి నవ్వారు. అక్క నవ్వలేదు.

డ్రాయర్లోంచి పెన్‌డ్రైవ్ వెతికి తీసేలోపే ఆయన కంప్యూటర్‌ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి, మీట నొక్కేశారు. నిజమే, నీలం రంగు తెర ఒకటి వచ్చింది. ఫైళ్ళు ఉంచమంటారా, మొత్తం డిస్కు తుడిచి మొదటి స్థితికి తెమ్మంటారా అని అడిగింది. ఆయన చదవకుండానే రెండోది నొక్కారు. నేను "ఆగండాగండి" అంటూనే ఉన్నాను. ఎర్ర అక్షరాలతో ఇంకో హెచ్చరిక వచ్చింది.

"ఇవన్నీ పిరికివాళ్ళ కోసం పెడతారు" అని దాన్నీ నొక్కేశారు.

ఆ తర్వాత ఆపడానికి లేదు. మధ్యలో కరెంటు తీస్తే ఉన్నది కూడా పోతుందని బెదిరించారు. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత తెర మీద నింపాదిగా కుడివైపుకి పాకుతోంది. ఆయన మాత్రం టీ తాగుతూ, నా మిషన్‌కి నూనె ఎలా వెయ్యాలో నాకే నేర్పుతూ, కిటికీ తలుపు తప్పు వైపు పెట్టించానని కూడా చెప్పారు. నా చెవులు అటు లేవు. లోపల ఏది చెరిగిపోతోందో ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

గీత నిండింది. తెర నల్లబడి, మళ్ళీ వెలిగింది.

"చూశావా? ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే దిగినట్టుంటుంది" అని ప్రొఫెసర్ కుర్చీ వెనక్కి వాల్చారు.

తెర నిండా ఒక గొడుగు బొమ్మ. అది ఆయన ఆఫీసు ముద్ర. నెలనెలా ఆయన తెచ్చే కవర్ల మీద చూస్తూనే ఉంటాం. కింద పెద్ద అక్షరాల్లో "క్లెయిముల విభాగం, ఆరో బల్ల" అని, దాని కింద "ఈ యంత్రం సంస్థ ఆస్తి. బయటికి తీసుకుపోరాదు" అని ఉంది.

ఫ్యాక్టరీ కాపీ ఎప్పుడో పోయింది. ఆఫీసువాళ్ళు ఆ దాచిన భాగంలో తమ సొంత ఏర్పాటు పెట్టుకున్నారు. స్టోర్‌లో పారేసిన కంప్యూటర్‌ని పైపైన తుడిపించి తెచ్చిన మనిషికి, లోపల ఆ మూల సంగతి తట్టలేదు. తీరా తనే నా కళ్ళముందు ఆ తలుపు తెరిచాడు.

ప్రొఫెసర్ గ్లాసు కింద పెట్టి, "ఇదేమిటి, కంపెనీవాళ్ళు పొరపాటున..." అన్నారు.

"ఏ కంపెనీ? మీదేగా?" అంది అక్క.

ఆమె ఆయన్ని మాట మధ్యలో ఆపడం నేను వినడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు. "సరికొత్తది కొన్నానన్నారు. అందుకే నన్ను సముద్రానికి పోనివ్వలేదు."

"అది వేరే, ఇది వేరే. నీకు అర్థం కాదు. ఆఫీసు లెక్కల్లో అది..."

"అర్థమైంది."

నేను మాత్రం డీ డ్రైవ్ కోసం వెతుకుతున్నాను. డీ లేదు. డిస్కంతా ఒకే ముక్క, ఖాళీ. "నా పనంతా పోయింది బావగారూ" అన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కాపీ పెట్టుకోవద్దూ? ఇంత నిర్లక్ష్యమైతే ఎలా?" అన్నారు.

ఆ మాట విన్నాక కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుటివాడికి ఓ స్థాయి ఉండాలి. చెప్పుకి అంటుకున్న దాన్ని చూసినట్టు చూసి, "మీరు వెళ్ళండి" అన్నాను. లేచారు. అక్క లేవలేదు.

"నేను తర్వాత వస్తాను" అంది.

ఆ "తర్వాత" అనేది చాలా రోజులకి గానీ రాలేదు; అక్క నా దగ్గరే ఉండిపోయింది. డిస్కు విప్పించి రిపేరు షాపులో ఇస్తే, చాలా ఫైళ్ళు వెనక్కి తీయగలిగారు గానీ వాటికి పేర్లు లేవు. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలియదు. కొత్త కంప్యూటర్ వాయిదాల మీద తీసుకుని ముందు గదిలో పెట్టాను. అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని అవే తెరిచాం. నేను గుర్తుపట్టలేనివి అక్క గుర్తుపట్టేది. "ఇది ఈత జట్టుది, నువ్వు చేప తోక మూడుసార్లు మార్చావు" అనేది. "ఈ నెమలి పురి ఎడమవైపు వంకరగా ఉంది, అప్పుడే చెబుదామనుకున్నాను" అనేది. చెప్పవలసినవి ఆమె దగ్గర ఇన్నున్నాయని నాకు తెలియదు. కొన్ని సగమే దొరికాయి. కొన్ని మళ్ళీ గీశాను. ఆ వంకర కూడా సరిచేశాను.

ప్రొఫెసర్ రోజూ ఫోను చేసి, గ్యాస్ ఎలా వెలిగించాలో తప్ప మిగతా లోకజ్ఞానమంతా అక్కకి చెప్పేవారు. ఆఖరికి ఒకరోజు స్వరం తగ్గించి నన్ను అడిగారు. "అమ్మాయ్, ఆ పాత కంప్యూటర్ ఉందిగా? ఆఫీసులో పాత సామాను లెక్క చూస్తున్నారట. రిపేరుకి ఇచ్చానని చెప్పాను."

"ఉంది బావగారూ. వచ్చి పట్టుకెళ్ళండి."

"ఎవరిచేతైనా పంపించకూడదూ?"

"సరికొత్త వస్తువు కదా. ఎవరిచేతిలో పెడతాం?"

ఆయన వచ్చేసరికి అక్క సంచీ సర్దుకుంటోంది. స్నేహితురాళ్ళతో సముద్రానికి బయల్దేరుతోంది. ఎక్కడికని ఆయన అడగలేదు. అడిగే మొహం లేదు. కంప్యూటర్ని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని మెట్లు దిగుతుంటే, కరెంటు తీగ జారి, దాని చివరి ప్లగ్గు ప్రతి మెట్టు మీదా టకటకమంటూ వెనకే వచ్చింది. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది.

"తీగ కాళ్ళకి అడ్డం పడేలా ఉంది, చెప్పనా?" అన్నాను.

"ఆయనకి తెలియంది ఏముందే!" అంది అక్క, సంచీ జిప్పు లాగుతూ.