డిస్కులకు బొట్టు

దసరా పొద్దున నర్మద తను పనిచేసే వీడియో స్టూడియోలో అడుగు పెట్టేసరికి కంప్యూటర్ డబ్బా తెరిచి ఉంది. దానిలోని మూడు హార్డ్ డిస్కులూ పీట మీద వరుసగా ఉన్నాయి. ఒక్కోదానికీ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టారు. పక్కనే కెమెరా, కొట్టిన కొబ్బరికాయ.

నర్మద పీట దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, డిస్కులెందుకు తీసినవ్?"

"ఆయుధపూజ గదా నర్మదా! డిపోల బస్సులకు చేస్తలేరా?" అన్నాడు స్టూడియో ఓనర్ కొండల్. "మన కడుపు నింపేది గివే. డబ్బా మీద బొట్టు పెడితే వీటికేం ముడుతది?"

ఇబ్రహీంపట్నంలో అది రియల్ ఎస్టేట్ వెంచర్ల కాలం. భూమి అమ్మిన ప్రతి ఇంట్లోనూ రెండు కెమెరాల పెళ్లే. కెమెరా టేపుల నుంచి ఎక్కించిన ఆ వీడియోలు ఒక్క డిస్కులో పట్టక, కొండల్ వనస్థలిపురం నుంచి రమాకాంత్‌ను పిలిపించాడు. ఆయన మూడు డిస్కులనూ ఒక కార్డుకు తగిలించి, ఒకే పెద్ద డిస్కులా పనిచేసేటట్టు అమర్చాడు. ప్రతి వీడియో ముక్కలై మూడింట్లో సర్దుకుంటుంది. ఒకటి చెడిపోయినా మిగతా రెండూ దాని లోటు పూడుస్తాయి. "వరుస మాత్రం మార్చకండి కొండల్ గారూ," అంటూ ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో అంకె వేసి వెళ్లాడు.

నర్మద తండ్రి నారయ్య పాటలు ఆ డిస్కుల్లోనే ఉన్నాయి. పెద్ద చెరువులో వల లాగుతూ పాడేవి, ఇంట్లో ఎన్నడూ పాడనివి. గొంతులో గడ్డ ఉందని తెలిశాక, ఆపరేషన్‌కు ముందు, స్టూడియో కెమెరాతో నర్మదే తీసింది. మనిషి దక్కాడు. గొంతు దక్కలేదు. పండగకు సీడీ చేసి తెస్తానని తండ్రికి మాటిచ్చింది.

"మరి అంకెలేవన్నా?"

"తడిబట్టతోని తుడిచిన. మురికి మీద బొట్టు పెడ్తరా?"

"ఏది ఏడుండెనో యాదికున్నదా?"

"మూడూ ఒక్క తీర్గనే ఉన్నయ్. ఒకటి మొత్తం పోయినా ఫికర్ లేదన్నడు గదా సారు!"

కొండల్ డిస్కులు బిగించి స్విచ్ వేశాడు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు వరుసలు వచ్చాయి. పాత అమరిక కనిపించడం లేదట. కొత్తది చేయమంటారా అని అడుగుతోంది.

"ఆగన్నా. రమాకాంత్ సార్‌కు ఫోన్ చేద్దాం."

"పండుగ పూట ఆయనెందుకు? ప్రతిదానికీ ఆయన్నే అడిగితే నేనేం ఓనర్ని?"

అవునని నొక్కేశాడు. డిస్కుల లైట్లు గబగబా కొట్టుకోసాగాయి. "సూడు, పని చేస్తున్నది," అన్నాడు.

నర్మద ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, రమాకాంత్ సాయంత్రానికి వచ్చాడు. తెర చూశాడు. కుర్చీలో కూర్చోలేదు.

"మొత్తం సున్నాలు రాసేసిందమ్మా. అడిగినప్పుడు ఆపి ఉంటే, వరుస మార్చి చూసుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరి వల్లా కాదు."

కొండల్ మొహంలో పెద్ద బాధ కనిపించలేదు. బీరువా తెరిచాడు. పెళ్లిళ్ల టేపులన్నీ పేర్లతో సహా భద్రంగా ఉన్నాయి.

"మళ్లా ఎక్కిద్దాం తియ్."

"మా బాపు టేపులేవి?"

"అవి మళ్ల వేరే పెళ్లి తీయనీకి వాడినం గదా. డిస్కులల్ల ఉన్నయనుకున్న."

"మరి ఈ టేపులు ఎందుకు వాడలేదు? ఇవి గూడ డిస్కులల్ల ఉండె గదా!"

"అవి పైసలిచ్చే గిరాకీలయి నర్మదా. ఏమన్న అయితే ఊకుంటరా?"

"మేమైతే ఊకుంటమనా?"

కొండల్ బీరువా మూసి తాళం వేశాడు. "రేపు జర జల్ది రా," అన్నాడు.

ఇంట్లో నారయ్య టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూడగానే సీడీ కోసం చెయ్యి చాపాడు.

"పాటలు పోయినయ్ బాపూ."

నారయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తొడ మీద తాళం వేస్తూ పెదవులు కదిపాడు. నర్మద పెన్నూ కాగితమూ తీసుకుని దగ్గరగా కూర్చుంది. ఆ పెదవుల మీద మాటలు ఆమెకు అందలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అందలేదు.

నారయ్య రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచాడు.