బిళ్ళ వేసినవా?

గడ్డపోతారంలో మందుల కంపెనీ గేటు ముందర, టీ బండి బల్ల మీద నిషిత లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. కంపెనీకి హాజరు యాప్ చేసిచ్చింది పటాన్‌చెరులో ఆమె పనిచేసే ఆఫీసే. గేటు దగ్గరికొచ్చి యాప్ తెరవాలి, హాజరు బటన్ నొక్కాలి. నొక్కకపోతే మనిషి ఎదురుగా నిలబడ్డా రానట్టే. పాత కార్మికుడు అంజయ్య ఫోన్లో ఆ బటనే రావడం లేదు.

"ఇయ్యాల సైరన్ కూసేలోపట హాజరు పడకపోతే గేట్‌పాస్ కట్," అన్నాడు సూపర్‌వైజర్ నవీన్‌కుమార్. "ముసలోల్లకు ఫోన్లు రావు మేడమ్. మీ యాప్‌ల తప్పేం లేదు."

"నాకు ఫోన్ రాదారా? నీ పెండ్లి పత్రిక ఊరందరికి వాట్సాప్ కొట్టిందెవడు?" అన్నాడు అంజయ్య. టీ పోసేవాడు కిసుక్కున నవ్వాడు.

అంజయ్యది గుమ్మడిదల. నిషిత నాయిన ప్రభాకర్, ఆయన ఒకే బాయిలర్ కాడ ఏండ్లకేండ్లు ఉడికినవాళ్ళు. చిన్నప్పుడు ఆమె నాయినకు సద్దిగిన్నె పట్టుకొని ఈ గేటుకే వచ్చేది. గోడకు మేకులు కొట్టిన చెక్కలు రెండుండేవి. మనిషికొక ఇత్తడి బిళ్ళ. బయటి చెక్క మీది బిళ్ళ తీసి లోపలి చెక్కకు తగిలిస్తే హాజరైనట్టు. నెంబరు ఎంత లోతుగా గుద్ది ఉండేదంటే, చీకట్లో వేలితో తడిమినా తెలిసేది. బస్సు అందనివాడి బిళ్ళ ముందొచ్చినవాడు వేసేవాడు. ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్ళు దానికి దొంగతనమని పేరు పెట్టారు. కార్మికులు సోపతి అన్నారు. బిళ్ళలు పోయాయి, చెక్కలు పోయాయి, మేకుల బొక్కలు మాత్రం గోడకు ఇంకా ఉన్నాయి. పాతవాళ్ళు ఇప్పటికీ "బిళ్ళ వేసినవా?" అనే అడుగుతారు.

నిషిత మళ్ళీ పనిలో పడింది. అంజయ్య ఫోన్లోనే అదే పేజీ బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటోంది. తన ఫోన్లో యాప్ కూడా బాగానే ఉంది. ఈ యాప్ ఒట్టి డబ్బా. లోపల కనబడేది వెబ్ పేజీయే. మరి తప్పు డబ్బాదా, పేజీదా? అంజయ్య ఫోన్‌కు వైరు పెట్టి, డబ్బా లోపలి పేజీని లాప్‌టాప్‌లో విప్పింది.

బటన్ ఉంది! తెర అంచు దాటి కిందికి జారిపోయి ఉంది. వేలితో పైకి జరుపుదామంటే జరగదు. పేజీ కదలొద్దు, నీటుగా ఉండాలని ఆఫీసులో బాస్ నరేష్ పట్టుబట్టి బిగించిపెట్టాడు.

ఎందుకు జారింది? అప్పుడు చూసింది ఫోన్ వైపు. ఒక్కో అక్షరం లడ్డూ అంత ఉంది.

"కాకా, అక్షరాలు గింత పెద్దగ పెట్టినవేంది?"

"బాయిలర్ మంట సూసి సూసి కండ్లు మసకైనయ్ బిడ్డా. పాతోల్లం అందరం గట్లనే పెట్టుకున్నం. మా షిఫ్టు మొగులమ్మకు నేనే పెట్టిచ్చిన. ఆమెకు గూడ బటన్ వస్తలేదు."

దొరికింది. ఫోన్లో పెట్టుకున్న పెద్దక్షరాన్ని బ్రౌజర్ పట్టించుకోలేదు; యాప్ డబ్బా పట్టించుకుంది. అక్షరం ఉబ్బింది, పేజీ పొడుగైంది, బటన్ కిందపడింది. ఆఫీసులో పరీక్ష చేసినవాళ్ళందరివీ పడుచు కళ్ళు. వాళ్ళకేం తెలుస్తుంది?

నరేష్‌కు ఫోన్ చేసింది.

"డబ్బాల ఒక్క లైన్ రాసెయ్," అన్నాడతను. "ఫోన్ల ఎంత పెద్దగ పెట్టుకున్నా మన యాప్‌ల చిన్నగనే వస్తయ్. ఖతం."

"బటన్ వస్తది సార్. గంత చిన్నగుంటే ఈళ్ళకు చదవరాదు."

"చదివేదేముంది? నొక్కుడే గద!"

నొక్కుడేనట. నాయిన బిళ్ళ మీద నెంబరు గుద్దిన చెయ్యి ఎవరిదో నిషితకు తెలియదు. కానీ ఆ చెయ్యి చీకటిని తలుచుకుంది, మసక కళ్ళను తలుచుకుంది. పైగా డబ్బా మారిస్తే ప్రతివాడూ యాప్ మళ్ళీ దించుకోవాలి. పేజీ మారిస్తే ఇప్పుడే, అందరికీ మారుతుంది.

"పేజీనే మారుస్తున్న సార్," అని ఫోన్ పెట్టేసింది.

బిగింపు తీసేసింది. అక్షరాలు ఎంత పెరిగితే అంత పెరగనిచ్చింది. బటన్‌ను మాత్రం తెర అడుగున, బొటనవేలు ఆనేచోట పాతేసింది.

"ఇగ తెరువు కాకా."

అడుగున పచ్చగా, అరచేయంత వెడల్పున వచ్చింది. అంజయ్య వేలు పెట్టి గట్టిగా నొక్కాడు, మేకుకు ఏదో తగిలించినట్టు. నవీన్‌కుమార్ ఫోన్ టింగుమంది. చూసుకొని టీ తాగాడు.

"పడ్డది బిళ్ళ!" అన్నాడు అంజయ్య. గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "మొగులమ్మ బస్సు బొల్లారం కాడ ఆగిందట. ఆమెది గూడ నేనే వెయ్యనా బిడ్డా?"

"కుదరదు కాకా. ఆమె ఫోన్ల, ఆమెనే నొక్కాలె."

"అన్ని పెట్టినవ్, గదొక్కటి మరిచినవ్," అని లోపలికి పోయాడు.

సైరన్ కూసింది. నవీన్‌కుమార్ గేటు లాగబోయాడు. నిషిత లాప్‌టాప్ చంకలో పెట్టుకొని తలుపుకు అడ్డంగా పోయి నిలబడింది.

"జెర ఆగన్నా. ఇంకొక బిళ్ళ వడాలె."