ఏడో రోజు చిమ్మట

కూమా ఊళ్లో క్లెమ్ టిపెట్ నడిపే వెబ్ హోస్టింగ్ ఆఫీసులో పొద్దున్నే మొదటి పని చీపురు పట్టడం. ఊరివాళ్ల వెబ్‌సైట్లూ, వాటి ఈమెయిళ్లూ అక్కడి సర్వర్లోనే ఉండేవి. దొంగ మెయిల్ వస్తే సర్వర్ ఆపేది. ఆపిన ప్రతి మెయిలూ గోధుమరంగు రెక్కల బోగాంగ్ చిమ్మటై యంత్రం వెనక జాలీపెట్టెలో పడేది. అక్కడ పనిచేసే లియోనీ పాస్కో ఏ రోజు పెట్టెను ఆ రోజే మూసి, ఏడో రోజున తెరిచేది. అప్పటికి అబద్ధాలన్నీ పొడైపోయేవి. పొరపాటున చిక్కిన నిజం మాత్రం బతికుండేది. దాన్ని చేరాల్సినవాళ్లకు పంపేసి, మిగతాది ఊడ్చి గులాబీ మొక్కలకు వేసేది.

ఆ గురువారం ఫోన్ల గొడవలో పడి పెట్టె తెరిచేసరికి పదకొండుంబావైంది. చూస్తే ఒకటి బతికుంది. డల్సీ రెనిక్‌కి వచ్చిన మెయిల్. లోపలిది చదవకూడదు, అది ఆఫీసు కట్టుబాటు. కానీ పంపినామె కంగారులో ఉత్తరమంతా సబ్జెక్టులోనే కుక్కేసింది.

"నేనెవరో మీకు తెలీదు, దయచేసి రహస్యంగా ఉంచండి, 1971 మార్చి 9న మీకు పుట్టిన పాపని నేనే, వచ్చే గురువారం దాకా రోజూ పన్నెండు వరకు స్టేషన్ ఎదుటి బేకరీలో ఉంటాను, మీరు రాకపోతే ఇంకెప్పుడూ ఇబ్బంది పెట్టను."

మెయిల్ వారం కిందటిది, ఆ గురువారం ఇవాళే. ఇలాంటి మాటలు కనిపిస్తే ఆపమని సర్వర్‌కి నేర్పింది తనే. పోయినేడాది ఎవడో మేనల్లుణ్ణంటూ మెయిళ్లు రాసి డల్సీని నిలువునా ముంచాడు. కొత్త చుట్టాలెవరూ తన గడప తొక్కకూడదని డల్సీ స్వయంగా వచ్చి చెప్పి వెళ్లింది.

"పంపేస్తాను క్లెమ్."

"ఆవిడే వద్దంది కదా! ఆవిడ నోటితోనే సరే అనాలి. ఫోన్ చెయ్యి."

నాలుగుసార్లు చేసినా డల్సీ ఎత్తలేదు. లియోనీ కూర్చోలేక, నిలబడలేక, ఫోనుకీ గడియారానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఫోన్ల గొడవ ముందు చూసుకున్నందుకు తనను తానే తిట్టుకుంది. అయిదోసారికి డల్సీ ఎత్తింది.

"ఏంటే నీ గోల? కుక్కలకి స్నానం చేయిస్తున్నా."

"నీ మెయిలొకటి ఆగిపోయింది. చుట్టమేనంటోంది."

"ఇంకో మేనల్లుడా? ఊడ్చి పారెయ్. గులాబీలకి బలం."

చిమ్మట ఎగిరొచ్చి రిసీవర్ మీద వాలింది. రెక్కలు టపటపా కొట్టుకుంది.

"ఏంటా చప్పుడు?"

"అదే. ఏడో రోజు డల్సీ, ఇంకా బతికే ఉంది."

అవతల కుక్క మొరిగితే డల్సీ దాన్ని కసిరింది. "ఏమనుంది?"

లియోనీ చదివింది. డల్సీకి పిల్లల్లేరనే ఊరంతా అనుకునేది.

"పేరు?" అడిగింది డల్సీ.

"పంపినవాళ్ల చోట జోసలిన్ అనుంది."

"నేను ఐలా అని పేరు పెట్టుకున్నా. మూడు రోజులు అలాగే పిలుచుకున్నా. నాలుగోరోజు నిద్ర లేచేసరికి తీసుకుపోయారు. నాకప్పుడు పదిహేడేళ్లు లియోనీ. ఒక్కరంటే ఒక్కరు నన్నడగలేదు."

"పన్నెండుకి పావుగంటే ఉంది."

"నాకు దారే ఇరవై నిమిషాలు! వదులు దాన్ని. బేకరీకి ఫోన్ చెయ్, ఆ పిల్లని కదలనివ్వొద్దను." ఫోను పెట్టకుండానే పరుగెత్తినట్టుంది, కుక్కల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి.

లియోనీ మెయిల్ వదిలే బటన్ నొక్కింది. చిమ్మట మాయమై, రిసీవర్ మీద కాస్త దాని రెక్కల గోధుమరంగు పొడి మిగిలింది. దాన్ని తుడవకుండానే బేకరీకి ఫోన్ చేసింది.

"కిటికీ దగ్గరావిడా?" అంది బేకరీ అమ్మాయి. "వారం నుంచీ వస్తోంది. ఒక్క టీ చెప్పి, తలుపు వైపే చూస్తూ కూర్చుంటుంది. ఇప్పుడే లేచి కోటేసుకుంటోంది. ఏమని చెప్పమంటారు?"

లియోనీ గడియారం వైపు చూసింది.

"వాళ్లమ్మ బయల్దేరిందని చెప్పు."