హేబీస్ అన్న కేక

కళాసీ క్లబ్బుకి యాభై ఏళ్లు నిండిన ఆదివారం పొద్దున్నే సిరాజ్ కొట్టు తీశాడు. పూర్ణా మార్కెట్ వెనక ఆ సందులో ఆదివారం ఏ దర్జీ మిషను తొక్కడు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు వచ్చి గ్రౌండుకి లాక్కుపోతారని అతని భయం.

ఆ క్లబ్బు పెట్టినవాళ్లంతా పోర్టు కళాసీలు. పగలంతా ఓడల్లోంచి సరుకు దించి, సాయంత్రం పాత పోస్టాఫీసు అవతల గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవారు. బూట్లు లేవు, నేర్పేవాడు లేడు. ఓడ మీద క్రేనువాడికి వేసే కేకలే ఆటలోనూ వేసుకునేవారు. సరుకు కిందికి దించమంటే ‘ఆరియా’. పైకెత్తమంటే ‘హేబీస్’. ఆటలో ఆరియా అంటే బంతి నేల మీదుగా ఇవ్వమని. హేబీస్ అంటే ఎత్తి దూరంగా కొట్టమని. ఎదుటి జట్టుకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఆ జట్టులో కళాసీ కానివాడు సిరాజ్ ఒక్కడే. అతని అన్న హఫీజ్ కెప్టెన్. క్లబ్బు పెట్టిన పదో ఏట తమ్ముడి ఎడం కాలు వాటం చూసి, మిషను మీంచి లేపి తీసుకెళ్లి జట్టులో ముందు నిలబెట్టాడు. ముందు ఆడేవాడికి ఆరియా ఒక్కటే చెవిని పడేది. రెండో కేక వెనక గోలు కాసేవాళ్లది.

ఆ ఏడే ఫైనల్ దాకా వెళ్లారు. ఎదురు గాజువాక జట్టు. ఆట ఇంక అయిపోతుందనగా అందరూ గోలు కాయడానికి వెనక్కొచ్చేశారు, సిరాజ్ కూడా. బంతి అతని కాలికి దొరికింది. వెనకనుంచి గోల్‌కీపరు సన్యాసిరాజు కేకేశాడు. సిరాజ్ గిరుక్కున తిరిగి తమ గోలు వైపే కొట్టాడు. బంతి గోలు ముందున్న హఫీజ్ పక్కనుంచి పోయి వలలో పడింది. కప్పు పోయింది.

గ్రౌండంతా తిట్టింది. సన్యాసిరాజు నోరు విప్పలేదు. సిరాజ్ మనసులో ముల్లు దిగింది అక్కడే. క్లబ్బు పండగ జరిగినప్పుడల్లా మైకులో ఆ గోలు కథ చెప్పి నవ్వుకోవడం అలవాటైపోయింది. ఒకసారి భార్య ఫిర్దౌస్‌తో వెళ్లి ఆ నవ్వు విన్నాడు. మళ్లీ అటు తొంగిచూడలేదు.

మిషను తొక్కుతుంటే గుమ్మంలో నీడ పడింది. సన్యాసిరాజు. మోకాళ్లు పోయి కర్ర పట్టాడు గానీ భుజాలు ఇంకా కళాసీవే.

“ఏటి బావ, ఆదోరం కూడా కుడతన్నావా?”

“అర్జెంటు పని.”

“ఎవలిది?”

సిరాజ్ చేతిలో ఉన్నదేమిటో అప్పుడు చూసుకున్నాడు. తన లుంగీయే.

“పద బావ. పాతోళ్లం నలుగురం మిగిలాం. నువ్వు రాకపోతే ముగ్గురం. కేరమ్స్ ఆడుకోడానికి కూడా సాలం.”

“నాను రాను. నవ్వులపాలు సేత్తారు.”

“నలబై ఏళ్లయిపోనాది. ఇంకా ఏటి నీకు?”

“నీకేటి బావ, ఎన్నయినా సెప్తావు. నువ్వు సెయ్యమన్న పనే సేసాను. తిట్లు మాత్రం నాను తిన్నాను. ఒక్క ముక్కన్నావా ఆ రోజు?”

“నాను సెయ్యమన్నానా? ఏటి సెయ్యమన్నాను?”

“మా అన్నకి ఇమ్మని కేకెయ్యలేదూ? హఫీజ్, హఫీజ్ అని!”

సన్యాసిరాజు కర్ర గోడకానించి బల్ల మీద కూలబడ్డాడు.

“నాను హేబీస్ అన్నాను బావ.”

“అంటే?”

“ఎత్తి అవతలికి కొట్టమని.”

సిరాజ్ కాలు మిషను మీద ఆగిపోయింది. “నీ నోట మా అన్న పేరు ఏనాడైనా సక్కగా పలికిందా? హపీసూ, హపీసూ అనే కదా పిలిసేవోడివి! నాకెలా తెలుస్తది?”

“నువ్వు కంగారుపడిపోనావనుకున్నాను. అందుకే ఏటీ అన్నేదు.”

“మా అన్న కూడా పోయేదాకా అడగలేదు.”

“ఆడు కళాసీ. ఆడికి కేక సరిగ్గానే ఇనపడుంటది. తమ్ముడు తడబడ్డాడని నోరు మూసుకున్నాడు. మమ్మల్నీ మూసుకోమన్నాడు.”

ఈ సంగతి సిరాజ్‌కి తెలియదు. అన్న కోపంతోనే ఆ మాట ఎత్తలేదని అనుకుంటూ వచ్చాడు. సందులో ఉల్లిపాయల ఆటో అరుచుకుంటూ పోయింది. అది మలుపు తిరిగాక సిరాజ్ షట్టరు దించాడు.

గ్రౌండులో షామియానా వేశారు. ఇప్పటి కెప్టెన్ చందు, ఆటోనగర్‌లో లేతు పని చేసే కుర్రాడు, మైకు పట్టుకుని క్లబ్బు చరిత్ర చెబుతున్నాడు. సిరాజ్‌ని చూడగానే వాడి ముఖం వెలిగింది.

“అదిగో వచ్చీసాడు! మన గోలు మనకే ఏసిన...”

నవ్వులు మొదలయ్యాయి. సిరాజ్ ఉన్నచోటే ఆగిపోయాడు. సన్యాసిరాజు వెళ్లి మైకు లాక్కున్నాడు. అతను నలుగురిలో నోరు విప్పగా ఎవరూ ఎరగరు.

“ఆ రోజు నాను హేబీస్ అని కేకేసాను. ఈడికి హఫీజ్ అని ఇనపడింది. ఈడిది దర్జీ పని, ఓడ మాట ఈడికేటి తెలుస్తది? ఈడి కాళ్లు కావాలని తెచ్చుకున్నాం. మన మాట ఈడికి ఒక్కడూ సెప్పనేదు. తప్పు మొత్తం జట్టుది. నాదీని.”

మైకు చందు చేతిలో పెట్టేశాడు. చందు తల దించుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న ముసలి కళాసీ ఒకాయన లేచి కుర్చీ ఖాళీ చేశాడు. సిరాజ్ కూర్చోలేదు. మైకు అడిగి తీసుకున్నాడు.

“అదంతా సరే గానీ రాజూ, ఆ షాటెలాగుంది? ఎడం కాలితో, ఛాతీ ఎత్తున కొట్టాను. నువ్వు కదిలావా?”

“కదలనేదు బావ. కనపడితే కదా!”

“మరి గాజువాకోళ్లు అలాంటిది ఒక్కటి కొట్టారా?”

“ఒక్కటీ నేదు. ఆ రోజు రెండు జట్లలోనూ గోలు కొట్టినోడివి నువ్వొక్కడివే.”

గ్రౌండంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది సిరాజే.